మా ఫ్రిజ్ మీది కాగితం

టొరంటో

చిట్టీ,

ఎలా ఉన్నావే? మొన్న ఫోన్లో నువ్వన్న మాట వారం రోజులుగా మనసులోనే తిరుగుతోంది. మీ కింది ఫ్లాట్లోకి మణిపూర్ నుంచి ఒక కుటుంబం దిగిందనీ, లిఫ్టులో ఎదురైతే ఆవిడ తల వంచుకుని నిలబడుతుందనీ చెప్పావు. "పలకరించాలనే ఉంది, ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదే" అన్నావు. ఆ రోజు పిల్లల గొడవలో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇలా కూర్చున్నా, తీరిగ్గా చదువు.

మేముండే థార్న్‌క్లిఫ్ పార్క్ ఒకప్పుడు గుర్రప్పందాల మైదానమట. ఇప్పుడు ఎటు చూసినా పాత ఎత్తైన అపార్ట్‌మెంట్లే. దేశానికి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది మొదట ఇక్కడే కాపురం పెడతారు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతుల్లోకి పోయాక, కనీసం 40,000 మంది అఫ్గాన్లను తీసుకుంటానని కెనడా మాటిచ్చింది. 2023 అక్టోబరుకల్లా ఆ లెక్క దాటింది. వాళ్లలో ఒక కుటుంబం మా ఎదురింట్లోకే వచ్చింది. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు.

వాళ్లొచ్చిన నాలుగో రోజు అర్ధరాత్రి బిల్డింగ్‌లో ఫైర్ అలారం మోగింది. ఎవరో ఏదో మాడబెట్టారు, అంతే. నేను కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని నిదానంగా కిందికి దిగాను. గుమ్మం బయట మంచులో ఆమె కనబడింది. కాళ్లకు మేజోళ్లు తప్ప ఏమీ లేవు. ఒక చంకలో చంటిది. రెండో చేత్తో ఒక ప్లాస్టిక్ సంచిని గుండెకు అదుముకుని పట్టుకుంది. అందులో పాస్‌పోర్టులు, కాగితాలు. పెద్దవాడు రెండు చెవులూ మూసుకుని గోడవార కూర్చుండిపోయాడు. వాడికి మోత అంటే వేరే అర్థం కదే! నా శాలువా తీసి వాడికి చుట్టి, "కుఛ్ నహీ హువా బేటా" అన్నాను. ఆమె చటక్కున తలెత్తింది. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ ఆమెది, మన హైదరాబాద్ హిందీ నాది. ఆ రాత్రికి అది చాలింది.

తర్వాత నేను చేసిన పని మాత్రం తప్పు. తెలిసినవాళ్లందరికీ చెప్పి పాత బట్టలు, గిన్నెలు పోగేసి, నాలుగు పెద్ద సంచులు వాళ్ల గుమ్మం ముందు పెట్టి వచ్చాను. సగం వాళ్లకు పనికిరావు. ఆయన కాబూల్‌లో ఇంజనీరట. ఆ సంచుల్ని చూసి ఆయన ముఖం ఎలా మారిపోయిందో ఇప్పటికీ గుర్తుంది. ఏం కావాలో ముందు అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

నిజంగా అక్కరకొచ్చినవి చాలా చిన్న చిన్న పనులు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇక్కడ సిటీ బస్సులో టికెట్ లేదు. ఆ సంగతి తెలియక ఆమె చలిలో పిల్లల్ని నడిపించుకుని తిరిగేది. లైబ్రరీ కార్డుకు డబ్బులు కట్టక్కర్లేదని చెబితే నమ్మలేదు, వెంట తీసుకెళ్లి ఇప్పించాను. 211 అనే సహాయ నంబరుకి ఫోన్ చేస్తే వాళ్ల దరీ భాషలోనే వివరాలు చెప్పే ఏర్పాటుందని నాకూ అప్పుడే తెలిసింది. అంతకుముందు ఒక ఇంటివాళ్లు ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నారట. ఈ రాష్ట్రంలో అద్దె డిపాజిట్‌గా ఒక నెలకు మించి అడగకూడదని చట్టం ఉంది. అది చెప్పే మనిషి పక్కన లేకపోతే చట్టం ఉండీ ఏం లాభం చెప్పు? కాగితం చేతికిచ్చి "అక్కడికి వెళ్లండి" అనడం వేరు, "పద, నేనూ వస్తా" అనడం వేరు. నువ్వు మొదలుపెడితే ఆ రెండోదానితోనే మొదలుపెట్టు.

అక్కడ ఏం జరిగిందని మాత్రం నువ్వుగా అడక్కు. మా అంతస్తులోనే ఒకావిడ లిఫ్టులో నిలబెట్టి తాలిబన్ల గురించి అడిగింది. ఆ తర్వాత వారం రోజులు ఈమె పదకొండు అంతస్తులూ మెట్లెక్కింది. చెప్పాలనిపించినప్పుడు వాళ్లే చెబుతారు. నాకు ఏడాది తర్వాత చెప్పింది.

పేరు కూడా సరిగ్గా పలకడం నేర్చుకో. నా మొదటి ఆఫీసులో ఆరేళ్లపాటు నన్ను ఇంటిపేరుతోనే పిలిచారు. ఎన్నిసార్లు సరిచేసినా అంతే. చివరికి ఆ పిలుపుకే బదులివ్వడం మొదలుపెట్టాను కానీ, పిలిచిన ప్రతిసారీ నన్ను కాదేమో అనిపించేది. ఈమె పేరులో గొంతు లోపలినుంచి వచ్చే ఒక 'ఖ' ఉంది. రెండు రోజులు సాధన చేసి పలికితే ఎంత మురిసిపోయిందో!

ఇంకో విశేషం విను. ఒకరోజు బడి అప్లికేషన్ నింపుతుంటే ఆమె 'కాగజ్' అంది, మన కాగితమే. 'తారీఖ్' అంది. 'జవాబ్' అంది. దరఖాస్తు, బజారు, మైదానం, ఖరీదు, రోజు, చాకు, అన్నీ వాళ్ల మాటల్లోవే కదే! మా అమ్మాయీ వాళ్ల పెద్దవాడూ కలిసి ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. అది మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి. కొత్త మాట దొరికితే ఏ వేళైనా సరే వాడొచ్చి తలుపు కొడతాడు.

పోయిన చలికాలం నాకు పది రోజులు జ్వరం. మా ఆయన ఊళ్లో లేడు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి గ్రీన్ టీ కాచి ఇచ్చింది, పిల్లల్ని బడిలో దింపింది. మేం మాంసం తినమన్న సంగతి గుర్తుపెట్టుకుని ఉల్లికాడలు, ఆలుగడ్డ పెట్టి బొలానీ రొట్టెలు కాల్చి తెచ్చేది. "వద్దమ్మా, నీకెందుకు శ్రమ" అంటే కోప్పడింది. "ఇన్నాళ్లూ నువ్వు చేశావు, నన్ను చేయనివ్వవా?" అంది. ఆ రోజు నుంచీ ఆమె పెడితే వద్దనడం మానేశాను. నిజం చెప్పనా, ఆమె ముఖంలో బెరుకు పోయింది నేను సాయం చేసినప్పుడు కాదు, నేను తీసుకున్నప్పుడు. నువ్వూ ఆవిడ్ని ఏదైనా అడుగు. వాళ్ల వంట నేర్పమను, లేదా ఊరెళ్లేటప్పుడు తులసికి నీళ్లు పోయమను.

మా వీధి పార్కులో ఒక తందూరు పొయ్యి ఉంది. ఇక్కడి ఆడవాళ్ల కమిటీ పట్టుబట్టి 2013లో పెట్టించింది. ఎండాకాలంలో శుక్రవారాలు అక్కడ బజారు కూడా పెడతారు. పోయినేడు మొదటిసారి ఆమె ఆ పొయ్యి ముందు నిలబడి, చేతికి తడి గుడ్డ చుట్టుకుని, నాన్ పిండిని లోపలి గోడకు చరిచింది. రొట్టె వాసనకు చుట్టూ జనం చేరారు. ఎవరో అడిగారు, "ఎక్కడివాళ్లు మీరు?" అని. మా బిల్డింగ్ వైపు వేలు చూపించింది.

వచ్చే నెల మళ్లీ బజారు మొదలవుతుంది. పిండి నేను కలపాలని ఇప్పుడే ఆర్డరు వేసింది. మీ కిందింటావిడ పేరేమిటో కనుక్కుని రాయి. ఎలా పలకాలో కూడా రాయి.

నీ
బుజ్జి