ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి ఎన్నికలు పెట్టండి: తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

నేను హైదరాబాద్ శివారులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. మా పిల్లల్లో 18 నిండినవాళ్లందరూ ఎమ్మెల్యేకి ఓటేస్తారు గానీ క్లాసుకి సీఆర్‌ని (క్లాస్ రిప్రజెంటేటివ్‌ని) ఎన్నుకోలేరు, మార్కులు చూసి డిపార్ట్‌మెంట్ హెడ్డే ఎవరో ఒకరిని పెడతారు. ధర్నాల జోలికి పోమని చేరిన రోజే పిల్లాడి చేతా తండ్రి చేతా సంతకం పెట్టిస్తారు.

దీంతో కాలేజీలో రాజకీయాలు లేకుండా పోయాయా? ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని సర్టిఫికెట్లు ఆపేసిన రోజు, అప్పటిదాకా మేనేజ్‌మెంట్ కోటావాడి పక్కనే కూర్చుని చదివిన పిల్లాడికి ప్రభుత్వం అంటే ఏంటో, తన ఇంటి పరిస్థితి ఏంటో రెండూ ఒకేసారి తెలుస్తాయి. హాస్టల్లో రిజర్వేషన్ మీద మాటామాటా పెరిగితే కులం తెలుస్తుంది. ఇవి మాట్లాడుకునే చోటు కాలేజీలో లేదు కాబట్టి కులం వాట్సాప్ గ్రూపులకీ, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలకీ పోతున్నారు. ఎవరి వైపు ఉండాలో అక్కడ నేర్చుకుంటున్నారు, ఎదుటివాడు చెప్పేది వినడం, ఓడిపోయాక కూడా వాడితో కలిసి పనిచేయడం మాత్రం ఎక్కడా నేర్చుకోవడం లేదు. భారత రాజ్యాంగం సిలబస్‌లో ఉంది, క్రెడిట్లు లేవు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

ఎన్నికలంటే గొడవలు అంటారు. 1972లో ఉస్మానియా ఇంజనీరింగ్ హాస్టల్ దగ్గర విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య, 1975లో గిరాయిపల్లి పోలీసు ఎన్‌కౌంటర్‌లో వరంగల్ ఆర్ఈసీ (ఇప్పటి ఎన్ఐటీ) విద్యార్థి సూరపనేని జనార్దన్ మరణం... బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ల బాధ చిన్నది కాదు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ 1980ల చివర్లో ఎన్నికలు ఆపేశాక కూడా 2009లో తెలంగాణ కోసం ఉస్మానియా లేచింది కదా, ఆగిందా? విద్యార్థి ఎన్నికలు ఎలా జరపాలో చెప్పడానికి వేసిన లింగ్డో కమిటీ 2006లోనే హద్దులు గీసింది: అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అటెండెన్స్ 75 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉంటే పోటీకి లేదు. సుప్రీంకోర్టు ఆమోదించింది కూడా. ఈ ఊళ్లోనే, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి, కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో ఎందుకు జరగకూడదు?

వచ్చే విద్యా సంవత్సరం కనీసం జేఎన్‌టీయూ సొంత కాలేజీల్లో మొదలుపెట్టండి. మాలాంటి ప్రైవేటు కాలేజీలకి సీఆర్ ఎన్నికను అఫిలియేషన్ షరతుగా పెట్టండి, రాజ్యాంగం సబ్జెక్టుకి క్రెడిట్లు ఇవ్వండి, చేరేటప్పుడు రాయించుకునే ఆ హామీపత్రాలు చెల్లవని ఒక జీవో ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ అధ్యాపకుడు