మంత్రి గారూ, ఆ గది తాళం తీయించండి

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా జిల్లా ఆసుపత్రిలో తాళం పడ్డ సైకాలజిస్టు గది గురించి ఇది నా ఐదో అర్జీ. మొదటి రెండూ సోమవారం పూట కలెక్టరేటులో ఇచ్చాను. మూడోది ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి చేతికే ఇచ్చాను. నాలుగోది ఆన్‌లైన్‌లో పెట్టాను. దానికి పంతొమ్మిది రోజుల తర్వాత "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాను. గదికి తాళం అలాగే వేలాడుతోంది. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మా జిల్లా ఆసుపత్రిలో ఓపీ చీటీల కౌంటర్ దాటాక ఎడమ పక్క మూడో గది అది. తలుపు మీద నీలం పెయింటుతో "క్లినికల్ సైకాలజిస్టు" అని ఇంకా ఉంది. కిటికీ రెక్క సందులోంచి చూస్తే లోపల సెలైన్ సీసాల అట్టపెట్టెలు కనిపిస్తాయి. వాటి మధ్య ఒక టేబులు, ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఇప్పుడు ఆ కుర్చీల మీద కూడా పెట్టెలే పేర్చారు.

ఆ కుర్చీల్లో ఒకదానిలో మా తమ్ముడు పదకొండు నెలల పాటు ప్రతి మంగళవారం కూర్చున్నాడు.

వాడికి స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినపడే మానసిక జబ్బు. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మొదలైంది. మందులు వాడితే గొంతులు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. అప్పటిదాకా చూసిన డాక్టర్లందరూ "ఇంకా వినపడుతున్నాయా?" అని అడిగేవారు. వాడు తల ఊపేవాడు, డోసు పెరిగేది. ఈ సైకాలజిస్టమ్మ అలా అడగలేదు. "ఏ టైముకి వినపడతాయి? అప్పుడు ఇంట్లో ఎవరుంటారు? నువ్వేం చేస్తుంటావు?" అని అడిగింది. వాడి చేత వంద పేజీల నోటుబుక్కు కొనిపించి, స్కేలుతో గళ్లు గీయించి, రోజూ రాయమంది. నెల తిరిగేసరికి మాకే తెలియని సంగతి బయటపడింది. నేను డ్యూటీకి, అమ్మ గుడికి వెళ్లాక, సాయంత్రం నాలుగింటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఆ గొంతులు ఎక్కువ. "అయితే నాలుగింటికి నీకో పని ఉండాలి" అని, పక్క వీధి కిరాణా కొట్టాయనతో తనే మాట్లాడి, వాడిని లెక్కల పుస్తకం ముందు కూర్చోబెట్టింది. ఆరేళ్లుగా ఒంటరిగా గేటు దాటని మనిషి, ఒకరోజు పొద్దున్నే వెళ్లి పాల ప్యాకెట్ తెచ్చి గట్టు మీద పెట్టాడు. అమ్మ ఆ ప్యాకెట్ పట్టుకుని ఎంతసేపు నిలబడిందో నాకు తెలుసు.

తర్వాత ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. రెన్యువల్ కాగితం రాలేదు. నర్సమ్మ మాకు ఆ ఒక్క ముక్కే చెప్పింది. చెప్పకుండా వదిలేస్తారని వాడు అనుకోలేదు సార్. మరుసటి మంగళవారం కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, ఆ తలుపు ముందు మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. ఆ తర్వాతి మంగళవారమూ వెళ్లాడు. నాలుగో వారం నుంచి కొట్టుకి వెళ్లడం మానేశాడు. ఎనిమిదో వారానికి మందులు ఉమ్మేయడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మేము పెద్ద ఆసుపత్రికి వెళ్తున్నాం. తెల్లవారుజామున నాలుగు గంటల బస్సు ఎక్కాలి. బస్సులో వాడు కిటికీ వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతుంటే ముందు సీటు వాళ్లు లేచి వెనక్కి వెళ్లిపోతారు. అక్కడ క్యూలో మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. డాక్టరు గారు మాకు ఇవ్వగలిగేది నాలుగు నిమిషాలు. ఆయన తప్పు లేదు, గుమ్మం బయట ఇంకా వంద మంది ఉంటారు. మూడు రకాల మాత్రల్లో రెండు అక్కడ దొరుకుతాయి, మూడోది బయట కొనుక్కోమంటారు. ఇంటికి చేరేసరికి రాత్రి పది. నాకు ఆ రోజు జీతం ఉండదు. హెల్ప్‌లైన్‌కి కూడా ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి ఎంతో ఓపికగా విన్నది. చివరికి "మీ జిల్లా ఆసుపత్రిలో సైకాలజిస్టుని కలవండి మేడమ్" అన్నది. నాకు ఏడుపు ఆగలేదు.

చట్టం మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. ప్రభుత్వం నడిపే సేవల్లో వైద్యం పొందడం వాడి హక్కు అని అందులో ఉంది. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి ఉచితంగా ఇవ్వాలని ఉంది. 31వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్లలోపు, జనాభాకి తగినంత మంది మానసిక ఆరోగ్య నిపుణులు ఉండేలా ప్రభుత్వం కృషి చేయాలట. చట్టం అమల్లోకి వచ్చింది 2018లో. అంటే గడువు 2028. 2023లో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది, మన దేశంలో లక్ష మందికి 0.75 మంది సైకియాట్రిస్టులే (మందులు రాసే మానసిక వైద్యులే) ఉన్నారని, 3 మంది కావాలని. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ 12లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. లెక్కలో కూడా మేము లేము సార్.

ఈ చట్టం అంత బాగా రాసినవాళ్లు, ఒక మంగళవారం ఆ గుమ్మం ముందు నిలబడి ఉంటే గడువు ఇలా కరిగిపోనిచ్చేవారా అని రాత్రిళ్లు ఆలోచిస్తుంటాను. అలా ఆలోచిస్తూ, పేషెంట్లకి ఎదురుగా కూర్చుని చట్టసభకి వెళ్లినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా అని వెతికాను. అమెరికాలో ఉన్నారు.

టెడ్ స్ట్రిక్‌ల్యాండ్ అని ఒక సైకాలజిస్టు. ఒహాయో రాష్ట్రంలో లూకస్‌విల్ దగ్గరి జైల్లో పనిచేశాడు. అత్యంత కట్టుదిట్టమైన జైలది. మతి చెడినవాళ్లు వైద్యానికి బదులు గదుల్లో మగ్గడం తన కళ్లతో చూశాడు. 1976, 1978, 1980 ఎన్నికల్లో వరసగా ఓడిపోయాడు. 1992లో గెలిచి ప్రతినిధుల సభకి వెళ్లాడు. 1994లో మళ్లీ ఓడి, 1996లో మళ్లీ గెలిచాడు. ఇన్నిసార్లు ఓడినా వదలని ఆ మనిషి, వేరే పార్టీ సెనేటర్ మైక్ డివైన్‌తో కలిసి 2004లో ఒక చట్టం తెచ్చాడు. మానసిక జబ్బుతో నేరాల్లో ఇరుక్కున్నవాళ్లని జైలుకి కాకుండా వైద్యం వైపు మళ్లించే కోర్టులకి, పోలీసుల శిక్షణకి ఆ చట్టం కింద నిధులు ఇస్తారు. జైలు వరండాలో చూసింది చట్టంలోకి వచ్చింది. ఆ తర్వాత ఆయన ఒహాయో గవర్నర్ కూడా అయ్యాడు గానీ, నాకు గుర్తుండేది ఆ చట్టమే.

పెన్సిల్వేనియా రాష్ట్రం నుంచి అదే సభకి వెళ్లిన టిమ్ మర్ఫీ కూడా సైకాలజిస్టే. 2012లో శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక, 2013లో మానసిక ఆరోగ్యం మీద బిల్లు పెట్టాడు. అది ఆగిపోతే 2015లో మళ్లీ పెట్టాడు. 2016 జులైలో సభ దాన్ని 422-2తో ఆమోదించింది. అందులో చాలా భాగం అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. ఆయన సొంత జీవితంలోని వివాదంతో 2017లో రాజీనామా చేశాడు. ఆ బిల్లులో కోర్టు ఆర్డరుతో వైద్యం చేయించే భాగాన్ని పేషెంట్ల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. మా తమ్ముడిని ఇద్దరు పట్టుకుని ఇంజెక్షన్ చేయించిన రోజు చూశాను కాబట్టి, నాకూ ఆ భాగం నచ్చదు. కానీ ఒకసారి మూలన పడ్డ బిల్లుని తిరిగి ఎత్తుకోవడానికి ఆ సభలో ఒక మనిషి ఉన్నాడు. మా గది గురించి మాట్లాడటానికి మన సభలో ఎవరున్నారు సార్?

రాజ్యసభకి సాహిత్యం, సైన్స్, కళలు, సమాజసేవ తెలిసిన 12 మందిని రాష్ట్రపతి గారు నామినేట్ చేస్తారు. మనసు గురించి చదవడం కూడా సైన్సే కదా. జిల్లా ఆసుపత్రుల్లో పేషెంట్ల ఎదుట ఏళ్ల తరబడి కూర్చున్న సైకాలజిస్టుని ఒక్కరిని ఆ సీట్లలో కూర్చోబెట్టమని మీరు ప్రభుత్వంలో ఒక మాట చెప్పలేరా? అది నాలాంటి వాళ్లు అడగాల్సిన విషయం కాదంటారేమో. మరి ఎవరు అడగాలి? అడగాల్సిన మా తమ్ముడిని ఫిర్యాదుల పోర్టల్ ఓటీపీ అడుగుతోంది.

అది ఆలస్యమైనా సరే, ముందు ఆ గది తెరిపించండి. కాంట్రాక్టు మీద కాదు, పర్మినెంటు పోస్టు వేయండి. పదకొండు నెలలకోసారి మనిషి మారితే, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడం మావాడి వల్ల కాదు. రాష్ట్రం పరిధి అని ఫైలు వెనక్కి పంపకండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి డబ్బు మీ దగ్గర నుంచి కూడా వస్తుందని మీకు తెలుసు. 2028 గడువుకి ఎన్ని జిల్లాల్లో సైకాలజిస్టు నిజంగా కుర్చీలో కూర్చుని ఉన్నారో జిల్లాల వారీగా బయటపెట్టండి. మంజూరైన పోస్టుల లెక్క మాకు వద్దు. మూడో రకం మాత్ర కూడా కౌంటర్లో ఉండేలా చూడండి. దయచేసి ఆ గది తెరిపించండి. ఇదే మళ్లీ మళ్లీ అడుగుతున్నాను, ఇంకేం అడగాలో నాకు తెలియడం లేదు.

ఆ నోటుబుక్కు నా బీరువాలో ఉంది. అరవై రెండో పేజీ దాకా గళ్లన్నీ నిండి ఉన్నాయి. అరవై మూడో పేజీలో వాడే గళ్లు గీసి, పైన "మంగళవారం" అని రాసి ఖాళీగా వదిలేశాడు.

ఇట్లు,
ఒక పేషెంటు అక్క