రికార్డు దుకాణం మూతపడే వార్త ఆరు వారాల ముందే రావాలి

సంపాదకులకు,

నమస్కారం.

ఏళ్ల తరబడి నడిచిన రికార్డు దుకాణం మూతపడితే పత్రికల్లో ఆఖరి రోజు ఫొటో వస్తుంది. సగం ఖాళీ అయిన అరలు, కౌంటరు వెనక యజమాని, తలుపు మీద అంటించిన కాగితం. అది చూసి అభిమానులు పరుగున వచ్చేసరికి సరుకంతా ఎవరో ఒకరికి మొత్తంగా అమ్ముడైపోయి ఉంటుంది. ఆ వార్తను ఆరు వారాల ముందు వేయమని అడగడానికే ఈ ఉత్తరం. పాత రికార్డులకు జాబితాలు రాయడం, వాటిని శుభ్రం చేయడం, డిజిటల్ ప్రతులు తీయడం మా పని. అందుకే ఆ ఆరు వారాల్లో ఏం చేయాలో, ఏం చేస్తే ఉన్నది కూడా పాడవుతుందో కూడా ఇక్కడ రాస్తున్నాం.

రికార్డు దుకాణం మీద జనానికి అంత ప్రేమ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. పాట పేరు తెలియక రెండు ముక్కలు కూనిరాగం తీస్తే చాలు, యజమాని చేయి సరైన అర మీదికి వెళ్లేది. ఒకరు వినడానికి పెట్టించుకున్న రికార్డును పక్కన నిలబడ్డ ఇంకొకరు కొనుక్కుపోయేవారు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో వాద్యకారుల పేర్లు, రికార్డు చేసిన స్టూడియో, ఇంజినీరు పేరు చదువుకుంటూ గంటలు గడిపినా పొమ్మనేవారు కాదు. ఈ రోజు ఫోనులో పాట దొరుకుతుంది గాని, ఆ అట్ట వెనక ఉన్నదంతా దొరకదు.

గిరాకీ తగ్గి ఈ దుకాణాలు పోతున్నాయనుకోవడం పొరపాటు. అమెరికాలో 2022లో సీడీల కంటే వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. కానీ కొత్త రికార్డుల అమ్మకం చాలావరకు ఆన్‌లైన్‌కూ పెద్ద గొలుసు దుకాణాలకూ పోయింది. చిన్న దుకాణానికి కొత్త సరుకు మీద మిగిలేది తక్కువ, పైగా అమ్ముడుపోనిది తరచుగా వెనక్కి ఇవ్వడానికి వీలుండదు. పాత సరుకు మీద నాలుగు డబ్బులు మిగిలినా దానికి చోటు కావాలి, అద్దె కట్టాలి, ఏది ఏమిటో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషికి వయసు మీదపడి, తర్వాత కూర్చునేవారు లేకపోతే, వ్యాపారం బాగున్నా తలుపు మూసుకోక తప్పదు.

పాత దుకాణం వెనక గదిలో ఒక్కో కాలం ఒక్కో పొరగా పడి ఉంటుంది. 1948లో 33⅓ వేగం (నిమిషానికి అన్ని చుట్లు) ఎల్పీలు, అంటే ఎక్కువసేపు మోగే పెద్ద రికార్డులు వచ్చాయి, 1949లో 45 వేగం ఏడంగుళాల చిన్న రికార్డులు వచ్చాయి, తర్వాత క్యాసెట్లు, 1982లో సీడీలు. కొత్తది వచ్చినప్పుడల్లా జనం పాతవి తెచ్చి ఆ దుకాణంలోనే అమ్మారు. అడుగున బరువైన 78 వేగం లక్క రికార్డులు అలాగే ఉండిపోయాయి. మొత్తంగా కొనేవాళ్లు పేరున్న ఎల్పీలు ఏరుకుని మిగతావి చెత్తలో వేస్తారు. మా దృష్టిలో అసలు విలువ ఆ మిగతావాటిలోనే ఉంది. రెండు మూడేళ్లు నడిచి ఆగిపోయిన చిన్న కంపెనీల రికార్డులు, ప్రసంగాలు, నాటకాలు, భాషాపాఠాలు, రేడియో కోసం చేసినవి. వీటిలో చాలావాటికి మళ్లీ ముద్రణ లేదు.

వాటిలోనూ ముందుగా వెతకాల్సింది లాకర్ డిస్కులు. ఇవి అచ్చు వేసినవి కావు. అల్యూమినియం పళ్లెం మీద లాకర్ అనే వార్నిష్ లాంటి పూత పూసి, దాని మీదే నేరుగా శబ్దాన్ని చెక్కినవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అల్యూమినియం కరువై గాజు పళ్లేల మీద కూడా చేశారు. చాలావాటికి ప్రపంచంలో ఉన్నది ఒక్కటే ప్రతి. గుర్తుపట్టడం కష్టం కాదు: లేబుల్ మీద అచ్చు బదులు చేతిరాతో టైపు అక్షరాలో ఉంటాయి, మధ్య రంధ్రం అంచున లోహం కనిపిస్తుంది, కొన్నిటికి లేబుల్ భాగంలో అదనంగా ఒకటి రెండు రంధ్రాలుంటాయి. పైన తెల్లగా, జిడ్డుగా పొడి తేలితే బూజు పట్టిందని పారేస్తుంటారు. అది బూజు కాదు. పూత మెత్తగా ఉండటానికి కలిపిన ఆముదం కాలక్రమంలో విడిపోయి, అందులోని కొవ్వు ఆమ్లాలు పైకి వచ్చాయన్నమాట. అది పోయేకొద్దీ పూత కుంచించుకుపోతుంది, కింది లోహం మాత్రం కుంచించుకోదు, దాంతో పూత పగిలి పెచ్చులుగా లేస్తుంది. పెచ్చు లేచిన చోట శబ్దం ఇక ఎప్పటికీ రాదు. కాబట్టి డిజిటల్ ప్రతి తీసే వరసలో వీటిదే మొదటి స్థానం. పాత గ్రామఫోను మీద ఉక్కు ముల్లుతో వీటిని ఒక్కసారి కూడా వాయించకూడదు.

ఇక ఆరు వారాల సంగతి. మొదటి పని రికార్డులు తీయడం కాదు, తీయకముందు అరల ఫొటోలు తీయడం. ఏ విభజన అట్ట వెనక ఏవి పెట్టారన్నది యజమాని జీవితకాలపు జ్ఞానం. వరస చెదిరితే అదీ పోతుంది. యజమాని ఒప్పుకుంటే అరల వెంట ఆయనతో పాటు నడుస్తూ ఆయన మాటలు రికార్డు చేయాలి. కొనుగోలు పుస్తకాలు, కంపెనీలు పంపిన జాబితాలు, నెలవారీ అనుబంధాలు, ఆర్డరు ఫారాలు చిత్తుకాగితాల్లో పోకుండా చూడాలి. తేదీ లేని రికార్డుకు తేదీ కట్టేది అవే. ఖాతాదారుల పేర్లు, చిరునామాలు ఉన్న పేజీలను మాత్రం బయటపెట్టకూడదు.

తర్వాత జాబితా. ఒక్కో రికార్డుకు అట్ట రెండు వైపులా, లేబుళ్లు రెండూ ఫొటో తీయాలి. వాటితో పాటు, చివరి గాడికీ లేబుల్‌కీ మధ్య ఖాళీ జాగాలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు రాసుకోవాలి. టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే అది కనిపిస్తుంది. ఒకే లేబుల్, ఒకే అట్ట ఉన్న రెండు రికార్డులు వేర్వేరు ముద్రణలని తెలిపేది తరచుగా ఆ నంబరే. ఒక్కోదానికి రెండు నిమిషాలే అనుకున్నా ఐదు వేల రికార్డులకు సుమారు 167 గంటలు పడుతుంది. నలుగురు విడివిడిగా రోజుకు నాలుగేసి గంటలు కూర్చుంటే పదకొండు రోజుల పని. ఆఖరి వారంలో ఇది జరిగేది కాదు.

ఎక్కువ నష్టం జరిగేది తరలింపులో. రికార్డులను పడుకోబెట్టి దొంతరగా పేర్చకూడదు. లక్కవి బరువుకు పగులుతాయి, వినైల్‌వాటి గాళ్లలోకి దుమ్ము నొక్కుకుపోతుంది. నిలువుగా, బిగుతుగా కాకుండా వదులుగా కాకుండా పెట్టాలి. వదులుగా ఉంటే ఒరిగి వంకర పోతాయి. పదంగుళాలవీ పన్నెండంగుళాలవీ కలిపి సర్దితే పెద్దవి చిన్నవాటి మీదికి వంగుతాయి. పెట్టెకు యాభై ఎల్పీలు చాలు, అప్పటికే పన్నెండు కిలోలు దాటుతుంది. ఎండలో మూసి నిలిపిన బండిలో ఒక మధ్యాహ్నం ఉంచినా వినైల్ వంగిపోతుంది. చేరే చోట కూడా బరువు చూసుకోవాలి: మీటరు పొడవు అరలో రెండు వందలకు పైగా ఎల్పీలు పడతాయి, అంటే 50 నుంచి 60 కిలోలు. మామూలు పుస్తకాల అరలు ఆ బరువుకు కుంగుతాయి.

శుభ్రం చేయడానికి తొందరపడొద్దని దాతలకు మా మనవి. ఆల్కహాలు కలిసిన ద్రవం లక్క రికార్డు మీద పడితే పై పొర కరిగిపోతుంది, లాకర్ డిస్కు కూడా పాడవుతుంది. వినైల్‌కైతే డిస్టిల్డ్ వాటర్‌లో కొద్ది చుక్కల మెత్తని డిటర్జెంట్ వేసి, గాడి తిరిగే దిశలోనే తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. కుళాయి నీరు ఆరితే అందులోని లవణాలు గాళ్లలో ఉండిపోతాయి. తడి పూర్తిగా ఆరకుండా కవరులో పెడితే బూజు ఖాయం. నీటికన్నా ముందు చేయాల్సింది పాత పీవీసీ ప్లాస్టిక్ కవర్లు తీసేయడం. అవి వినైల్ మీద మసక పొర వదులుతాయి, ఒకసారి పట్టిందంటే మళ్లీ పోదు. వాటి బదులు పాలిథీన్ కవర్లు వాడాలి.

డిజిటల్ ప్రతి విషయంలో తరచుగా చూసే తప్పు ముల్లుది. 78 వేగం రికార్డుకు కొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉన్న ముల్లు, మోనో ఎల్పీకి 25, స్టీరియో ఎల్పీకి 18. ఎల్పీ ముల్లుతో 78 వాయిస్తే అది గాడి అడుగున ఈడ్చుకుపోయి బుసే ఎక్కువ వినిపిస్తుంది. 78 ముల్లు ఎల్పీ మీద పెడితే గాడే పాడవుతుంది. తొలినాటి 78లు అన్నీ కచ్చితంగా 78లో తిరిగేవి కావు, శ్రుతి చూసి వేగం సరిచేయాలి. ధ్వనిని 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్ వేవ్ ఫైలుగా దాచాలి. 45 నిమిషాల ఎల్పీకి సుమారు 1.5 గిగాబైట్లు అవుతుంది. రెండు ప్రతులు రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. గరగర తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను మూలప్రతి మీద ఎప్పుడూ నడపకూడదు, కావాలంటే నకలు మీద వాడుకోవచ్చు. రికార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ఆ ధ్వనిని ఇంటర్నెట్‌లో పెట్టే హక్కు రాదు. హక్కుల గడువు దేశాన్ని బట్టి మారుతుంది. జాబితాను మాత్రం వెంటనే అందరికీ అందుబాటులో పెట్టవచ్చు.

గ్రంథాలయాలకు ఒక మాట. వచ్చినవన్నీ తీసుకోకండి. అన్నీ తీసుకున్న చోట కొన్నేళ్లకు అన్నీ మెట్ల కింద చేరతాయి. జాబితా చూసి, వేరెక్కడా లేనివి ఒక్కో ప్రతి ఎంచుకుని, మిగతావి మళ్లీ వినేవాళ్ల చేతుల్లోకే వెళ్లనివ్వండి. తీసుకున్నవాటికి 20 డిగ్రీలకు అటూ ఇటూ నిలకడగా ఉండే గది, 50 శాతం మించని గాలి తేమ, ఒక నమోదు పుస్తకం, దానికి బాధ్యుడైన ఒక ఉద్యోగి ఉంటే చాలు. ఖరీదైన యంత్రాలు తర్వాతైనా కొనుక్కోవచ్చు.

సంపాదకులుగా మీరు చేయగలిగింది చిన్నదే. మూసివేత నిర్ణయించుకున్న యజమానులు తేదీ, సరుకు ఉజ్జాయింపు సంఖ్య, 78లూ చేతిరాత లేబుళ్లూ ఉన్నాయో లేదో రాసి పంపితే, వారి అనుమతితో దాన్ని కనీసం ఆరు వారాల ముందు నాలుగు వరుసల ప్రకటనగా వేయండి. పక్కనే, రికార్డులు స్వీకరించే గ్రంథాలయాల పేర్లు కూడా ఇవ్వండి. వచ్చే నెల నుంచే మొదలుపెట్టగలరా?

ఇట్లు,
పాత రికార్డుల సంరక్షణలో పనిచేస్తున్న కొందరు పాఠకులు