బ్యాటుకు నూనె పట్టిస్తున్నావా?

చిత్తూరు

చిరంజీవి చిన్నితల్లికి అమ్మ ప్రభువు నామంలో దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. వేలూరులో నాయనమ్మకు రెండో కన్ను ఆపరేషన్ కూడా అయిపోయింది. పెద్దక్షరాల బైబిలు ఇప్పుడు తనే చదువుకుంటోంది. బెంగళూరా మామిడి చెట్లకు పూత బాగా పట్టింది. మంచుకు మాడిపోతుందేమోనని మీ నాన్న తెల్లారకముందే తోటకు పోతున్నారు. మంగళగిరిలో నీకు సంగటి దొరుకుతోందా?

మూడు ఆదివారాలుగా ఫోన్ లేదు. ప్రాక్టీసు ఎక్కువైందేమోలే. బ్యాటుకు నూనె పట్టిస్తున్నావు కదా? ఎండిపోతే చీలుతుంది. నీ మొదటి మంచి బ్యాటుకు మెత్తటి గుడ్డతో అవిసె నూనె రాసి, పది రోజులు వసారాలో కూర్చుని కొయ్యసుత్తితో అంచులు కొట్టింది నేనే.

తిరుపతి సెలెక్షన్స్ రోజు గుర్తొస్తోంది. గోడకు అంటించిన లిస్టును వేలు పెట్టి మూడుసార్లు చదివావు, ఒకసారి కిందినుంచి పైకి కూడా. బస్టాండులో వాన. నువ్వు ప్యాడ్లు కూడా విప్పలేదు. ఎవరిని పట్టుకుంటే పని అవుతుందా అని నేను లెక్కలు వేస్తున్నా. నాయనమ్మ పులిహోర డబ్బా పక్కన పెట్టి, నీ తలమీద చెయ్యి వేసి, అంతమందిలో గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. వచ్చేసారైనా పేరు రావాలని అడుగుతుందనుకున్నా. "ప్రభువా, ఈ రాత్రి ఈ బిడ్డకు నిద్ర ఇవ్వు" అంది. ఆమేన్ అంది. అంతే. అడిగేదేదో పెద్దదే అడగొచ్చు కదా అని నాకు కోపం వచ్చింది. బస్సు చంద్రగిరి దాటకముందే ప్యాడ్లతోనే నా ఒళ్లో నిద్రపోయావు. మర్నాడు ఐదింటికే పరుగుకు పోయావు.

2023లో ఆ మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైనప్పటి నుంచి ప్రతి వేలానికీ టీవీ ముందు కూర్చుంటున్నాం. నీ పేరు రాలేదు. ప్రార్థన చేస్తే వేలంలో పేరు వస్తుందని నేనెప్పుడైనా చెప్పి ఉంటే, ఆ తప్పు నాదే. మన ఇండియా జట్టులో ఆడే జెమీమా రోడ్రిగ్స్‌ను చూడు. 2025 ప్రపంచకప్ మధ్యలో ఒక మ్యాచ్‌కు పక్కన పెట్టారు. టెన్షన్‌తో రోజూ ఏడ్చానని, వాళ్లమ్మకు ఫోన్ చేసి ఏడ్చానని తనే అందరి ముందూ చెప్పింది. అక్టోబరు 30న ఆస్ట్రేలియా మీద 339 కొట్టాల్సిన సెమీఫైనల్లో 127 నాటౌట్. చివర్లో ఒంట్లో శక్తి అయిపోతే, ఊరకే నిలబడు, దేవుడే పోరాడతాడన్న మాటే అనుకుంటూ ఆడిందట. అది నిర్గమకాండం 14:14, నువ్వు సండే స్కూల్లో అప్పజెప్పిన వాక్యమే.

లేవగానే ఫోన్ పట్టుకోకు, ఒక కీర్తన చదువు. దేవుడిమీద కోపమొస్తే అదీ ఆయనకే చెప్పు, దావీదు చెప్పలేదా? మోకాలికి ఐస్ మానకు. రాత్రి పెరుగన్నం తిను. ఆదివారం మ్యాచ్ ఉంటే సాయంత్రమైనా ఆరాధనకు పో.

నువ్వు బ్యాటు అమ్మకానికి పెట్టావని పెద్దత్త చర్చి మెట్ల దగ్గర అంది. ఎవరో ఫోన్‌లో చూశారంట. డబ్బు కోసమైతే చెప్పు, పాలడబ్బులు ఉన్నాయి. ఆట మానేద్దామనైతే అదీ నాకే ముందు చెప్పు, ఇంకొకరి నోట విననివ్వకు. ఆదివారం పదిన్నరకు ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటా. మాటలు రాకపోతే ఏడువు, వింటా.

రాగిపిండి బస్సు పార్సిల్లో వేశాను. సంచి అడుగున అవిసె నూనె సీసా ఉంది. మూత గట్టిగా బిగించి ప్లాస్టిక్ కవరు చుట్టాను, తీసేటప్పుడు జాగ్రత్త.

మీ అమ్మ