కోత పైనుంచి మొదలవ్వాలి

బిడ్డా స్రవంతీ,

మీ కంపెనీ నష్టాల్లో ఉందని, వేతన ఒప్పందం ఫైలు నీ టేబుల్ మీదికి వచ్చిందని చెప్పావు. పెద్ద జీతం ఇవ్వకపోతే మంచి సీఈవో దొరకడని కూడా అన్నావు. అది ఫోన్‌లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నా.

అమెరికా విమానాల కంపెనీ బోయింగ్ సంగతే చూడు. రెండు 737 మాక్స్ విమానాలు కూలి 346 మంది పోయాక వచ్చిన సీఈవో డేవిడ్ కాల్హూన్. 2020లో కరోనా దెబ్బకు జీతం, బోనస్ వదులుకున్నాడు. అయినా ఆ ఏడాది లెక్కల్లో ఆయన మొత్తం పారితోషికం 2.1 కోట్ల డాలర్లు, చాలావరకు తర్వాత చేతికొచ్చే షేర్లు. కంపెనీకి వచ్చిన నష్టమేమో దాదాపు 1,200 కోట్ల డాలర్లు. 2023లో ఆయన పారితోషికం 3.28 కోట్లకు చేరింది. అంత ఇచ్చినా 2024 జనవరిలో గాల్లో ఉన్న విమానానికి తలుపు ప్యానెల్ ఊడిపోయింది. ఫ్యాక్టరీలో నాలుగు బోల్టులు తిరిగి బిగించలేదట!

అక్కడి కార్మికులు ఏం వదులుకున్నారో చూడు. కొత్త విమానం పని వేరే రాష్ట్రానికి పోతుందన్న భయంతో 2014లో 51 శాతం ఓటుతో పాత పెన్షన్ పద్ధతిని వదులుకున్నారు. 2024 సెప్టెంబరులో 25 శాతం పెంపు ఇస్తామంటే దాదాపు 95 శాతం మంది వద్దన్నారు. 33,000 మంది ఏడు వారాలకు పైగా సమ్మె చేసి, నాలుగేళ్లలో 38 శాతం పెంపు సాధించారు. పెన్షన్ మాత్రం తిరిగి రాలేదు. సీఈవో వదులుకున్నది షేర్ల రూపంలో పూడింది, వీళ్లది పూడలేదు.

నేను బాలానగర్‌లో లేత్ మీద పనిచేసే రోజుల్లో మా ఫ్యాక్టరీకీ ఇలాంటి గడ్డుకాలం వచ్చింది. ఓవర్‌టైమ్ ఆపేశారు, డీఏ బకాయి పెట్టారు, కాంటీన్‌లో వారానికోసారి వేసే గుడ్డు కూడా తీసేశారు. ఆర్డర్లు లేక మెషిన్లు ఖాళీగా ఉండటం మా కళ్ల ముందే కనిపిస్తోంది కదా, సర్దుకున్నాం. తర్వాత ఎండీకి కొత్త కారు వచ్చింది. చేసిన ముక్కను కొలత గేజ్ పెట్టి ఒకటికి రెండుసార్లు చూసుకునే మనుషులు, అప్పట్నుంచి ఒక్కసారి చూసి ట్రేలో పడేసేవాళ్లు. మేనేజ్‌మెంట్ ఎంత అరిచినా ఆ శ్రద్ధ మళ్లీ రాలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

మన 2013 కంపెనీల చట్టంలో, లాభాలు లేనప్పుడు డైరెక్టర్ల జీతాలకు పరిమితి ఉంది. కానీ వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేస్తే దాన్ని దాటొచ్చు. ఆ ఓటింగ్‌లో షాప్‌ఫ్లోర్ మీదివాడి మాట వినేదెవరు? అందుకే ఆ మాట నీలాంటి హెచ్ఆర్ వాళ్లే లోపల చెప్పాలి.

యూనియన్ వాళ్లతో కూర్చునే ముందు మీ వార్షిక నివేదిక తీయి. షేర్ మార్కెట్లో ఉన్న లిస్టెడ్ కంపెనీ కాబట్టి, డైరెక్టర్ల పారితోషికం ఉద్యోగుల మధ్యస్థ జీతానికి, అంటే అందర్నీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవాడి జీతానికి, ఎన్ని రెట్లో అందులో రాసి తీరాలి. కాంట్రాక్టు వాళ్లను ఆ లెక్కలో కలిపారా లేదా అడుగు. వాళ్లను వదిలేస్తే తేడా చిన్నగా కనిపిస్తుంది. కార్మికుల పెంపు ఆపమని నోట్ రాయాల్సి వస్తే, అదే నోట్‌లో ఎండీగారి పారితోషికం షేర్లతో సహా ఎంత తగ్గుతుందో కూడా రాయి. పైవాళ్లు కొట్టేస్తే కొట్టేయనీ, నువ్వు మాత్రం రాయకుండా వదలకు.

ఆశీస్సులతో,
నాన్న