ఉమ్మడి కస్టడీలో పిల్లల ఖర్చు: రాత్రుల లెక్క ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మా పర్లాకిమిడి, పక్కనున్న పాతపట్నం ఆనుకునే ఉంటాయి. ఇది ఒడిశా, అది ఆంధ్ర. ఈ రెండూళ్ల మధ్య పెళ్లిళ్లు మామూలే. ఆలుమగలు విడిపోతే పిల్లలు స్కూలు రోజుల్లో ఒకరి దగ్గర, సెలవు రోజుల్లో మరొకరి దగ్గర ఉంటున్నారు. గొడవ అక్కడే మొదలవుతోంది: ‘పాప నా దగ్గర కూడా ఉంటోంది కదా, మనోవర్తి అంతా నేనెందుకు కట్టాలి?’

అలా అడగడంలో తప్పు లేదు. కానీ లెక్క సరిగ్గా వేయాలి. మా బంధువుల పాప శుక్రవారం సాయంత్రం తండ్రి దగ్గరికి వెళ్లి ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తుంది. దానివల్ల తల్లికి మిగిలేది నాలుగైదు పూటల భోజనం ఖర్చు. ఇంటి అద్దె తగ్గదు, స్కూలు ఫీజు తగ్గదు, ఒడియా ట్యూషన్ మాస్టారికి నెల డబ్బులు మొత్తం ఇవ్వాల్సిందే. పాపకు ఆయాసం ఉంది. ఇన్‌హేలర్ రెండిళ్లలోనూ ఉండాలి. రెండూ తల్లే కొంటోంది.

బ్రిటన్‌లో ఏడాదికి 104 నుంచి 155 రాత్రులు బిడ్డను ఉంచుకుంటే కట్టాల్సిన సొమ్ములో ఏడింట రెండు వంతులు తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో 14 శాతం కంటే తక్కువ రాత్రులైతే తగ్గింపే లేదు. మన చట్టంలో ఇలాంటి లెక్క లేదు. 2020లో రజనీష్, నేహా మనోవర్తి కేసులో సుప్రీంకోర్టు భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పాలంది. చాలా మంచి తీర్పు. ఉమ్మడి కస్టడీకి, పిల్లల ఖర్చుకు మార్గదర్శకాలు ఉండాలని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2015లోనే 257వ నివేదికలో చెప్పింది. అది చట్టం కాలేదు.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఫీజు ఎవరు, మందులు ఎవరు, ట్యూషన్ ఎవరు అన్నది జడ్జిగారు ఉత్తర్వులోనే విడివిడిగా రాయించవచ్చు. తగ్గింపు ఇస్తే నిజంగా ఉంచుకున్న రాత్రులకే ఇవ్వాలి. వాయిదాలో ‘వారం వారం తీసుకెళ్తా’నని ఒప్పుకుని, తర్వాత మొహం చూపించనివారికి ఇవ్వకూడదు.

సరిహద్దు వాళ్లకు ఇంకో కష్టం ఉంది. ఒక రాష్ట్రం కోర్టులోని కేసును పక్క రాష్ట్రానికి మార్చాలంటే సుప్రీంకోర్టుకు వెళ్లాలి. నడిచి పోగల దూరానికి ఢిల్లీ దాకా టెన్షన్! అందుకే గజపతి, శ్రీకాకుళం జిల్లాల న్యాయ సేవాధికార సంస్థలు కలిసి మధ్యవర్తిత్వం చేయాలి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. రాజీ కాగితం రాసేటప్పుడే ఖర్చుల జాబితా కూడా జతచేయమని ఆ సంస్థల అధికారులను కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా