కాలనీ మహిళా సంఘం వార్షిక నివేదిక: ఉగాది నుంచి ఉగాది వరకు

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాది సమావేశంలో మీరంతా కలిసి సంఘానికి ఒక పని అప్పగించారు. నెలలు నిండుతున్న మన అమ్మాయిలు కాన్పు గదిలోకి వెళ్ళేదాకా అక్కడ ఏం జరుగుతుందో తెలియకుండానే ఉంటున్నారు, వాళ్ళ కోసం ఏదైనా చెయ్యండి అన్నారు. ఆ పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. బతుకమ్మ ఏర్పాట్లు, పొదుపు ఖాతా లెక్కలు విడి కాగితంలో ఉన్నాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. అవసరమైనప్పుడు ఆపరేషనే ప్రాణాలు నిలబెడుతుంది. అలా తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చిన కుటుంబాలు మనలోనే ఉన్నాయి, వాళ్ళ మనసు నొప్పించే మాట మా కూటాల్లో ఎవరం అనలేదు. కానీ మొదటి ఆదివారం వచ్చిన అమ్మాయిలను అడిగితే ఎక్కువమంది చెప్పింది ఇది: "నొప్పులు తట్టుకోలేనేమోనని భయం అక్కా." సీమంతంలో గాజులు తొడుగుతాం, చలిమిడి పెడతాం, ఆశీర్వదిస్తాం. నొప్పులు ఎలా వస్తాయో మాత్రం ఒక్కరమూ కూర్చోబెట్టి చెప్పం. ఈ ఏడాది పనంతా ఆ లోటు చుట్టూనే నడిచింది.

నెలకో ఆదివారం కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాం. గవర్నమెంటు ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మన సభ్యురాలు, ఆశా కార్యకర్త తోడుగా, అడిగినవాటికి ఓపికగా జవాబులు చెప్పారు. దొంగ నొప్పులు కాసేపు నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా సర్దుకుంటాయి. అసలు నొప్పులు తగ్గవు. వచ్చేకొద్దీ దగ్గరదగ్గరగా, గట్టిగా వస్తాయి. గర్భాశయ ద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి, తొలి కాన్పులో దానికి చాలా గంటలు పడుతుంది. తల్లీబిడ్డా బాగున్నంతసేపు, గంటకో సెంటీమీటరు లెక్కన తెరుచుకోలేదన్న కారణంతోనే తొందరపెట్టనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఈ మాట విన్నప్పుడు ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తొలి కాన్పులో తనకే ఏదో లోపం ఉందని ఇన్నాళ్ళూ అనుకుందట.

నొప్పుల మధ్య నడవడం, ఎవరి భుజమైనా పట్టుకుని నిలబడడం, నెమ్మదిగా ఊపిరి వదలడం హాల్లోనే చేసి చూశాం. గొంతుక్కూర్చోవడం లాంటివి డాక్టరు సరేనన్నవాళ్ళే చేశారు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు కాన్పులో తోడుగా ఉండే పద్ధతి మన తెలంగాణ గవర్నమెంటు ఆసుపత్రుల్లోనూ మొదలై పెరుగుతోంది. మీరు వెళ్ళే ఆసుపత్రిలో వాళ్ళు ఉన్నారా, కాన్పు గదిలోకి తోడుగా ఒకరిని రానిస్తారా అని ముందే అడిగి పెట్టుకోండి. మన సభ్యురాలి కూతురు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రంతా ఒంటరిగా నొప్పులు పడింది, తల్లి బయట బెంచీ మీదే కూర్చుండిపోయింది. తోడు ఉండడం తల్లి హక్కు. మొహమాటపడకుండా అడగాలి.

పుట్టింటికి వెళ్ళే విషయంలో మేము ఒక పాఠం నేర్చుకున్నాం. ఎనిమిదో నెలలో పుట్టింటికి వెళ్ళిన ఒకమ్మాయి మాతా శిశు సంరక్షణ కార్డు ఇక్కడే బీరువాలో ఉండిపోయింది. అక్కడ ఆమెకు నొప్పులు వచ్చేసరికి బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, స్కానింగ్, ఏదీ చూపించే వీలు లేదు. పరీక్షలన్నీ మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. బిడ్డ బాగానే పుట్టింది, కానీ ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అప్పటి నుంచి ప్రతి గర్భిణి కార్డు పేజీలు ఫోటో తీసి ఆమె ఫోన్‌లో, భర్త ఫోన్‌లో, అమ్మ ఫోన్‌లో పెట్టిస్తున్నాం. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్తకు కూడా పేరు చెప్పి రాయించుకోమంటున్నాం. 102 బండి కావాలన్నా, ఆపదలో 108 పిలవాలన్నా ఆ ఊరి దారి ఇంట్లో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. నెగెటివ్ గ్రూపు అమ్మాయిలు, తల్లి ఒంట్లో బిడ్డ పాజిటివ్ రక్తానికి ఎదురు తిరిగే గుణం పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షను గురించి డాక్టరును తప్పకుండా అడగండి. అవసరమైతే 28వ వారం దగ్గర ఒకటి, బిడ్డది పాజిటివ్ గ్రూపైతే కాన్పు తర్వాత 72 గంటల్లోపు ఒకటి ఇస్తారు.

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న గవర్నమెంటు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి. ఒంటరిగా వెళ్ళలేనివాళ్ళ వెంట మన సభ్యులు వెళ్ళారు. ఐరన్ మాత్రల మీద పెద్ద గొడవే జరిగింది. అవి మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని ఒక అత్తగారు గట్టిగా వాదించారు. రక్తం తక్కువుంటేనే కాన్పులో ప్రమాదమని నర్సమ్మ ఆమె పక్కన కూర్చుని చెప్పారు. చాయ్‌తో, పాలతో కాకుండా నిమ్మరసంతో వేసుకోమన్నారు. మలం నల్లగా వస్తే భయపడొద్దన్నారు. ఇప్పుడు ఆ అత్తగారే కోడలికి మాత్ర చేతికిస్తున్నారు. నాకు ఈ ఏడాది అన్నిటికన్నా సంతోషమిచ్చింది ఇదే.

ముహూర్తం చూసి ఆపరేషను చేయించే మాట మాత్రం ఇంకా తెగలేదు. అవసరం లేకుండా 39 వారాలు నిండకముందే బిడ్డను తీస్తే ఊపిరి అందక ఇబ్బంది పడొచ్చు. ఈ మాట పంతులుగారి దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళకు చేరాలి. వాళ్ళు మా కూటాలకు రాలేదు.

భర్తలను పిలవడంలోనూ తడబడ్డాం. సాయంత్రం పెడితే ఇద్దరు ముగ్గురే వచ్చారు. ఆదివారం పొద్దునకు మార్చాక హాల్లో మగవాళ్ళ చెప్పులు కనిపించాయి. వాళ్ళకు ముఖ్యంగా ఆపద గుర్తులే చెప్పాం: రక్తం పోవడం, ఉమ్మనీరు కారడం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, ఫిట్స్, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు.

వచ్చే ఏడాదికి రెండు కోరికలు. రాత్రిపూట పిలిస్తే బండి తీయగలిగిన వాళ్ళ పేర్లు, రక్తం ఇవ్వగలిగిన వాళ్ళ గ్రూపులు రాసుకునే పుస్తకం హాల్లో పెడుతున్నాం, మీ పేరు రాయండి. ముర్రుపాలు పిండి పారబోయకుండా గంటలోపే బిడ్డకు పట్టించాలన్న విషయం మీద ఈసారి అమ్మమ్మలు, నాయనమ్మలతో విడిగా కూర్చోవాలని ఉంది.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పదింటికి హాలు తెరిచి ఉంటుంది. మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ కొత్తగా నెల తప్పినవాళ్ళుంటే అత్తగారితో సహా తీసుకురండి.

మీ కార్యదర్శి